లంగరు రాయి, చేపలెండే దిబ్బ

తిరుపతి జిల్లా సముద్రపు కొసన ఉన్న లంగరుకుప్పం కాపురస్తురాలు, కీర్తిశేషులు జయచంద్ర భార్య శకుంతలమ్మ అనే నేను, నా డెబ్బై ఒకటో ఏట, నా ఇంటి వరండాలో కూర్చుని, ఎవరి బలవంతమూ ఎవరి బుజ్జగింపూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది.

నా బుద్ధి స్థిరంగానే ఉంది. అరిగింది మోకాళ్ళు మాత్రమే. ఆపరేషనప్పుడు ఇచ్చిన మత్తు ముసలమ్మ తలకెక్కి ఇంకా దిగలేదని చిత్తూరులోని మా వాళ్ళు చెప్పుకుంటున్నారట. అందుకని డాక్టరు చేత నా మతి సక్రమంగా ఉందని రాయించి, ఆ చీటీ దీనికి జతపరిచాను. చెప్పుకునేవాళ్ళ మతి గురించి రాసివ్వమంటే ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. చిత్తూరులో మా అన్న ఇంట్లో ఉన్న రోజుల్లో కాఫీతో పాటు తెచ్చి ముందు పెట్టిన కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. కాఫీ మాత్రం తాగాను. నా సంతకం ఉందంటూ రేపు ఎవరైనా ఏదైనా చూపిస్తే అది దొంగ సంతకమని ఇప్పుడే చెబుతున్నాను.

ఇది రాయడానికి కారణం దిబ్బ. మా ఇంటి వెనక, సముద్రం వైపు, ఈ జాలరి కుప్పం ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకునే ఇసుక దిబ్బ. ఇల్లూ నగలూ ఎవరికి పోయినా నేను నిశ్చింతగా పోతాను. దిబ్బ గనక మా అన్న కొడుకు మునిశేఖర్ చేతికి పోతే పోలేను. దాన్ని అతనికి దక్కకుండా చెయ్యడానికే ఈ కాగితం. ఆ దిబ్బలో ఆడవాళ్ళ బతుకుతో పాటు నా సొంత సంగతి కూడా ఒకటి ఉంది. దాని వరస వచ్చినప్పుడు చెబుతాను.

ఈ వీలునామా అమలు చేసే బాధ్యత స్టెల్లాది. స్టెల్లా ఈ కుప్పం పిల్లే. వాళ్ళ నాయన చర్చిలో పాటలు నేర్పేవాడు. వచ్చిన యాత్రికులను పడవెక్కించి పులికాటు సరస్సు చూపించేది ఆ పిల్లే. ఆమె మాట నా మాట.

హద్దులు రాస్తే చాలు, ఊరి చరిత్ర అక్కర్లేదని వకీలు అన్నాడు. ఆయన నాయుడుపేటలో హైవే పక్కన కూర్చుంటాడు. అక్కడి నుంచి సముద్రం ఏ దిక్కునుందో చూపించమంటే మద్రాసు వైపు చెయ్యి చూపించాడు. కాబట్టి రాస్తున్నాను.

మా ఊరు నెల్లూరు జిల్లాలో ఉన్నన్నాళ్ళూ జిల్లాకు చివర. తిరుపతి జిల్లాలో కలిపాక ఈ జిల్లాకూ చివరే. కొండ మీద దేవుణ్ణి చూడ్డానికి దేశమంతా తిరుపతికి వస్తుంది. వచ్చినవాళ్ళంతా పైకి చూస్తారు. తూర్పుకు తల తిప్పితే అదే జిల్లాలో సముద్రం ఉందన్న సంగతి తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్ళకే తెలియదు. చెన్నపట్నం పుట్టక ముందే తెల్లదొరల కంపెనీ దుగ్గరాజపట్నంలో కోఠీ పెట్టుకుని బట్టల వ్యాపారం చేసింది. పులికాటులో అంతకు ముందే డచ్చివాళ్ళు దిగారు. ఆ రోజుల్లో ఈ రేవుల్లో లంగరేసిన ఓడల మనుషులు జ్వరాలొచ్చి ఇక్కడి ఇసుకలోనే కలిసిపోయారు. నేలపట్టులో గూడబాతులు ఏటేటా వచ్చి చెరువు నీళ్ళలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్ళు పెట్టుకుంటాయి, అక్కడి జనం వాటిని అదిలించరు. సరస్సులో నీళ్ళు పలచబడే కాలానికి ఫ్లెమింగోలు వచ్చి వాలతాయి. పక్కనే శ్రీహరికోట నుంచి రాకెట్లు చంద్రుడి దాకా పోతాయి. ఇన్ని ఉన్న చోటికి పోదాం రమ్మంటే తిరుపతి జనం అడిగేది ఒక్కటే.

"ఆడ గుడి ఏమన్నా ఉండాదా?"

లేదంటే రారు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ ఇంట్లో వచ్చినవాళ్ళకు అన్నం వండి పెట్టాను. వాళ్ళను చూసి చూసి మనుషుల మీద నాకు మిగిలిన గౌరవం గవ్వలో పోసినా నిండదు. కనిపించిన ప్రతి కొంగనూ ఫ్లెమింగో అంటారు. ఫ్లెమింగో నిజంగా కనిపిస్తే ఇంతేనా అంటారు. సముద్రం దగ్గరికి వచ్చి బిర్యానీ లేదా అని అడుగుతారు. నీళ్ళలో దిగి ఫోటో తీసుకుని, ఆ ఫోటోలో తమ వెనక ఏముందో కూడా చూడకుండా పోతారు. పోయిన జనవరిలో సూళ్ళూరుపేటలో పక్షుల పండగ చేశారు. మైకుల మోతకు మనుషులే నిలవలేకపోయారు, ఇక పక్షుల మాట అడగొద్దు.

ఇక నా ఆస్తిని ఈ కింది విధంగా రాసి ఇస్తున్నాను.

1. నా శరీరం. నన్ను ఈ ఊరిలోనే దహనం చెయ్యాలి. చిత్తూరుకు మోసుకుపోకూడదు. బతికుండగా ఆ ఇంట్లో వాళ్ళ మర్యాదలు అనుభవించింది చాలు. నా బూడిదను స్టెల్లా పడవలో తీసుకుపోయి సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర కలపాలి. ఒక్క పిడికెడు మిగల్చాలి. ఆ పిడికెడు సంగతి చివర చెబుతాను.

2. మా అన్న మునిరామయ్యకు నా నల్ల గొడుగు. ఆయన చిత్తూరులో పెద్దమనిషి. చిత్తూరు పక్కనున్న ఐరాలలో మా నాయన తోటలు పెంచితే ఈయన వాటి నీడలో పెరిగాడు. నన్ను ఉప్పు ఆఫీసు గుమాస్తాకు ఇచ్చి ఈ ఊరికి పంపినప్పుడు మా వాళ్ళంతా పిల్లను సముద్రంలో పారేసినట్టు మాట్లాడారు. పారేసిన దాన్ని మళ్ళీ చూడ్డానికి మాత్రం ఎవరూ రాలేదు. నాకు రాకూడని కష్టం వచ్చిన రోజున కబురు పెడితే మా అన్న అన్న మాట ఆ కబురు తీసుకుపోయిన మనిషే తిరిగొచ్చి నాకు చెప్పాడు.

"ఆ ఉప్పునేలకు ఎవురు పోతారబ్బా? ఎండ సంపేస్తాది. బస్సు గూడా ల్యా."

అందుకే గొడుగు. ఎండకు పట్టుకోవచ్చు. బస్సు కూడా ఇప్పుడు ఉంది, నాయుడుపేటలో ఎక్కితే ఊరి మొగదల దింపుతుంది. నా పదో రోజుకు ఆయన రాదలుచుకుంటే ఆ బస్సులోనే రావాలి. కారులో వస్తే గొడుగు ఇవ్వొద్దు.

3. రోడ్డు మీద మా ఊరి పేరుతో బాణం గుర్తు బోర్డు పెట్టినవాళ్ళు ఎవరైనా సరే, వాళ్ళకు వాళ్ళ బోర్డే తిరిగి ఇస్తున్నాను. ఆ బాణం సముద్రం వైపు కాకుండా ఉప్పు మళ్ళ వైపు చూపించింది. దాన్ని నమ్మి మూడు కుటుంబాలు కార్లతో సహా బురదలో దిగాయి. బోర్డు తిప్పి పెట్టమని నేను రాసిన అర్జీలకు జవాబు రాలేదు. పెరికించి తెచ్చి నీళ్ళ తొట్టి మీద మూతగా పెట్టాను. ఇన్నాళ్ళూ అది చేసిన మంచి పని అదొక్కటే. తొట్టికి వేరే మూత కొన్నాక దాన్ని వాళ్ళకు పంపించాలి.

4. ఈ ఇల్లు, రెండు గదులూ వరండా, వంట పాత్రలు, అన్నం బల్లలు, మా ఆయన వాడిన దుర్భిణీ, గోడకున్న సరస్సు పటం, ఇవన్నీ స్టెల్లాకు. షరతులు ఉన్నాయి. వచ్చినవాళ్ళకు తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని చెప్పాలి. గుడి ఉందా అని అడిగినవాళ్ళకు చర్చి ఉంది, దర్గా ఉంది, సముద్రం ఉంది అని చెప్పి, వాళ్ళ ముఖం చూసి నవ్వుకోవాలి. రాకెట్టు పోయే రోజున మిద్దె మీద కుర్చీలు అద్దెకు ఇవ్వకూడదు. ఆ రోజు సముద్రంలోకి పోనివ్వరు గనక మన మనుషులకు చేపల వేటకు పోయే వీలుండదు. వాళ్ళ పొయ్యి వెలగని రోజున మనకు తిరునాళ్ళేమిటి?

స్టెల్లాకు ఇంకొకటి. నా చేపల పులుసు మట్టి దాక. ఆ దాక కడిగేటప్పుడు సబ్బు వాడితే నేను దయ్యమై వస్తాను. వాళ్ళ ప్రభువు కూడా నన్ను ఆపలేడని ఇక్కడే చెబుతున్నాను. ఐరాలలో ఉన్నన్నాళ్ళూ నేను చేప ముట్టలేదు. ఈ ఊరికొచ్చిన కొత్తలో వాసనకే కళ్ళు తిరిగేవి. స్టెల్లా అవ్వ ఎస్తేరు నా చెయ్యి పట్టుకుని ముల్లు తియ్యడం నేర్పింది. ఆ రుణం ఈ దాకతో తీరదు.

5. మునిశేఖర్ భార్య మోహనకు నా కెంపుల కమ్మలు. ఐరాలలో మా నాయన పసుపు కుంకుమ కింద నా పేరున రిజిస్టరు చేసిన మామిడి తోట కూడా ఆమెకే. ఆ తోట తనదేనని మునిశేఖర్ ఇన్నేళ్ళుగా అనుకుంటున్నాడు, కాయలు కోసుకుంటున్నాడు. ఇక మీదట కోయాలంటే భార్యను అడగాలి. ఆ అడిగే రోజున చూడ్డానికి నేను ఉండనన్న బాధ తప్ప ఈ వీలునామాలో నాకు ఇంకే లోటూ లేదు.

మోహనకు ఎందుకంటే, ఆపరేషన్ అయ్యి వాళ్ళింట్లో పడుకుని ఉన్నప్పుడు కాళ్ళకు కాపడం పెట్టింది ఆమె ఒక్కతే. ఇంట్లోవాళ్ళు అందరూ నా సంతకం కోసం సేవ చేస్తుంటే, ఏమీ అడగకుండా చేసిన మనిషి. దిబ్బ మీద జరుగుతున్నది వంటింట్లో నా చెవిలో చెప్పిందీ ఆమే. "అమ్మా, రాయిని పెరికేసినారు" అని చెప్పి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

6. ఆ రాయి గురించి. దిబ్బ మీద ఇసుకలో సగం పూడి, వెల్లకిలా పడుకోబెట్టిన నల్లరాయి ఒకటి ఉండేది. ఎవరో ఓడ మనిషి సమాధి. అక్షరాలు ఉప్పుగాలికి కరిగిపోయాయి. మిగిలింది లంగరు బొమ్మ ఒక్కటే. దాన్ని బట్టే మా ఊరికి ఆ పేరు. దాన్ని చూడ్డానికి ఒకసారి ముగ్గురు పెద్దలు వచ్చారు. ఒకాయన పోర్చుగీసువాళ్ళది అన్నాడు. ఒకాయన డచ్చివాళ్ళది అన్నాడు. మూడో ఆయన బాత్రూం ఎక్కడని అడిగాడు. ముగ్గురిలో నాకు పనికొచ్చే మాట ఆయనదే, జవాబు నా దగ్గర ఉంది గనక.

నేను చిత్తూరులో మంచం మీద ఉండగా, ఇల్లు చూసుకుంటానని తాళాలు తీసుకున్న మునిశేఖర్ ఈ ఊరికొచ్చాడు. జీవితంలో మొదటిసారి వచ్చాడు. లంగరు ఎలా ఉంటుందో ఈ వీలునామా చదివేవాళ్ళు ఎరుగుదురో లేదో. నడుమ నిలువు కాడ, కింద రెండు పక్కలా పైకి తిరిగిన కొమ్ములు. ఐరాలలో పుట్టి చిత్తూరులో పెరిగి ఓడ అన్నది సినిమాలో తప్ప చూడనివాడికి ఆ గీతల్లో ఏం కనిపిస్తుంది? గోవిందుడి నామం కనిపించింది. అక్కడి నుంచే ఫోను చేశాడు.

"అత్తా, నీ దిబ్బలో సామి వెలిసినాడు. నామం తేటగా కనపడతా ఉండాది. ఇంగ మన దశ తిరిగిపోయింది సూడు."

అది ఓడ లంగరురా, కింద పడుకున్నది ఎవడో పరాయి దేశపు మనిషిరా అని చెప్పాను.

"అట్లనొద్దత్తా. కండ్లు పోతాయి."

నా కళ్ళు పోలేదు. వాడికి ఎప్పుడూ లేనివి ఇప్పుడు కొత్తగా వచ్చేదీ లేదు. లంగరు కొమ్ములకు తెల్ల పెయింటు, కాడకు ఎర్ర పెయింటు వేయించాడు. స్వామి అన్నాక పడుకుని ఉండకూడదు కదా, జేసీబీ పెట్టి రాయిని లేపాడు. వాస్తు చూసే ఆయన్ని కాణిపాకం నుంచి కారులో తెచ్చి, ఈశాన్యంలో ఉండాలని ఆయన అంటే దిబ్బలో ఆ మూలకు జరిపి తూర్పు ముఖంగా నిలబెట్టాడు. మీద రేకుల షెడ్డు వేశాడు. చుట్టూ ఇనుప కంచె కట్టాడు. స్టీలు హుండీ పెట్టాడు. గేటుకు బోర్డు తగిలించాడు, ఇక్కడ చేపలు ఎండబెట్టరాదు అని. పిలిచినా రాని తిరుపతి జనం అప్పుడు వ్యాన్లలో వచ్చారు. దుగ్గరాజపట్నం చరిత్ర చెబితే ఆవలించినవాళ్ళు చెప్పులు విడిచి, ఎవడో తాగి జ్వరమొచ్చి చచ్చిన ఓడ మనిషి నెత్తిన కొబ్బరికాయలు కొట్టారు.

నేను దేవుణ్ణి నమ్మనిదాన్ని కాదు. మోకాళ్ళు నడిచినన్నాళ్ళూ మెట్లెక్కే కొండకు పోయాను. అంత పెద్ద కొండ మీద అంత పెద్ద కోవెలలో ఉన్న స్వామికి ఇంకొకడి సమాధి రాయి ఎందుకు? ఆయన అడిగాడా? భక్తి మునిశేఖర్‌కు లేదు. వాడు శనివారం మాంసం మానేది కూడా ఆదివారం ఎక్కువ తినడానికే.

7. ఇప్పుడు దిబ్బ. చెక్కుబందీ హద్దులు: తూర్పున సముద్రం, దాన్ని ఇంతవరకూ ఎవరూ రిజిస్టరు చేయించుకోలేదు. పడమర నా ఇల్లు. ఉత్తరాన ఎల్లప్ప సరుగుడు తోట. దక్షిణాన చర్చి వెనక గోడ. ఈ మధ్యలో ఉన్న ఇసుకంతా మా ఆయన ఉప్పు ఆఫీసులో ఉండగా కష్టపడి కొన్నది. ఉప్పుకు పనికిరాదు, పైరుకు పనికిరాదు, దీన్ని కొన్నవాడికి పిచ్చి అని ఆఫీసులో నవ్వారు. ఎందుకు కొన్నాడో ఆయనకూ నాకూ తెలుసు.

మేము ఉప్పు క్వార్టర్సులో ఉన్న రోజుల్లో మాకు ఒక ఆడబిడ్డ పుట్టింది. పేరు జయంతి. పాకుతూ గడప దాటడం నేర్చుకున్న నెలలోనే జ్వరం తగిలింది. తుఫాను రోజులు, కాలువ పొంగి దారి తెగిపోయింది, ఆస్పత్రికి పోలేకపోయాం. పసిబిడ్డలను కాల్చరు కనుక పూడ్చాలి. వానకు నేలంతా నీళ్ళు నిలిచి ఉంటే ఎత్తుగా పొడిగా ఉన్న చోటు ఈ దిబ్బ ఒక్కటే. మా ఆయన, అప్పటి కుప్పం పెద్దలు కలిసి లంగరు రాయి పక్కన పెట్టి వచ్చారు. మా అన్నకు కబురు పోయింది ఆ రోజునే. ఆయన బస్సు లేదన్నది ఆ రోజునే.

ఇసుకలో గుర్తు నిలవదు. గాలి ఏటేటా దిబ్బ ఆకారం మార్చేస్తుంది. అందుకని ఆ రాయే నాకు గుర్తు. రాయి తలవైపు నుంచి చెయ్యి చాపితే అందేంత దూరంలో నా కూతురు ఉండేది. మా ఆయన పోయాక కూడా సాయంత్రాలు అక్కడికి పోయి కూర్చునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు, చెప్పవలసిన పని లేదు. మా వాళ్ళకు నేను చెప్పినా తెలియనట్టే ఉండేది.

మునిశేఖర్ వాస్తు కోసం జరిపింది ఆ రాయిని.

నేను కర్రతో తిరిగి వచ్చేసరికి దిబ్బ మీద సిమెంటు అరుగు, రంగు జెండాలు, ఎక్కడ చూసినా జేసీబీ తవ్విన గుంటలు. నా బిడ్డ ఎక్కడుందో నాకు తెలియలేదు. ఆ కంచె పట్టుకుని నిలబడి, అటా ఇటా అని వెతుక్కున్నాను. ఆ రోజు నాకు వాడి మీద వచ్చింది కోపం కాదు. పుట్టింటికి పోయినప్పుడల్లా ఇంత నీచుణ్ణి ఎత్తుకుని తిరిగిన నా చేతుల మీద అసహ్యం వేసింది. ఇది దాచుకోకుండా రాస్తున్నాను, వాడు చదువుతాడని తెలిసే రాస్తున్నాను.

గుడి కమిటీ అని వాడు పేర్లు రాసుకున్న పెద్దమనుషుల్లో ఒక్కరికీ దిబ్బ మీద గజం హక్కు లేదు. పోయిన సంక్రాంతి వెళ్ళాక ఎల్లప్పను పిలిచి కంచె కోయించాను, షెడ్డు విప్పించాను, గుంటలు పూడ్పించాను. దేవుడి జోలికి పోతే అరిష్టమని కమిటీ వాళ్ళు భయపెట్టారు. అరిష్టం నాకు కొత్త కాదని చెప్పాను. ఎల్లప్ప మాత్రం ముందు లెంపలేసుకున్నాడు. అయినా కోశాడు.

మరునాడు ఆడవాళ్ళు నెత్తళ్ళు, రొయ్యలు తెచ్చి మళ్ళీ దిబ్బ మీద ఆరబోశారు. నెలల తరబడి రోడ్డు వారన తారు మీద ఎండబెట్టుకుని, లారీల కింద తొక్కించుకుని, దుమ్ము చేపలని వ్యాపారి సగం పారబోస్తే ఏడ్చుకున్న ఆడవాళ్ళు వీళ్ళు. వాళ్ళ వరసలు వాళ్ళకు ఉన్నాయి. ఏ ఇంటివాళ్ళు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో అత్త కోడలికి చూపించి పోతుంది. చర్చి గోడ నుంచి లెక్క, సరుగుడు తోట నుంచి లెక్క. వాటిని ఏ జేసీబీ జరపలేదు.

ఎండెక్కాక నేను కర్ర పట్టుకుని పోయి చూశాను. దిబ్బంతా వెండి పరిచినట్టు చేపలు. నడుమ ఒకచోట మాత్రం ఖాళీ. చిన్న చాప పరిచినంత ఇసుక, చేప పడకుండా వదిలారు. ఆ ఆడవాళ్ళలో పెద్దదైన నాగులమ్మ వరస అటు ఆగి ఇటు మొదలైంది. నేను నాగులమ్మ ముఖం చూశాను. ఆమె చేపలు తిప్పుతూనే చెప్పింది.

"ఆడ యెవురూ పొయ్యరమ్మా. మా అత్త నాకు వరస సూపించిన దినమే చెప్పింది. ఈడ శకుంతలమ్మ పాప నిద్రపోతా ఉండాది, నీడ గూడా పడనీయొద్దని. మాకు ఆ రాయితో పనేముండాది?"

నేను అక్కడే ఇసుకలో కూర్చున్నాను. లేవడానికి ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకోవలసి వచ్చింది.

కాబట్టి, సదరు దిబ్బను నేను ఈ కుప్పంలో చేపలు ఎండబెట్టి బతికే ఆడవాళ్ళందరికీ ఉమ్మడిగా, నాగులమ్మ పెద్దగా, సర్వహక్కులతో రాసి ఇస్తున్నాను. సరస్సులో ఎవరు ఎక్కడ వల వెయ్యాలో మగవాళ్ళు చీట్లు తీసి పంచుకుంటారు, దాన్ని పాడు అంటారు. తాతల నాటి కట్టు. ఆ చీట్లలో ఏనాడూ ఒక ఆడదాని పేరు లేదు. ఈ దిబ్బ మీద ఆడవాళ్ళ పేర్లే ఉంటాయి. కొత్త కోడలు వస్తే ఆమెకూ చోటివ్వాలి. అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, రిసార్టుకు గానీ కల్యాణమండపానికి గానీ లీజుకు ఇవ్వకూడదు. మొగుళ్ళ సంతకాలు చెల్లవు.

లంగరు రాయిని పెయింటు గీకించి, పాత చోటనే వెల్లకిలా పడుకోబెట్టాలి. పాత చోటు ఎక్కడని అడిగితే ఆడవాళ్ళు వదిలిన ఖాళీని చూసి కొలుచుకోవాలి. ఇన్నాళ్ళూ రాయిని చూసి నేను నా బిడ్డను గుర్తుపట్టాను. ఇకమీదట నా బిడ్డను చూసి ఆ పరాయి మనిషి తన చోటు తెలుసుకుంటాడు. ఎవరు కన్న కొడుకో, నా కూతురికి ఇన్నేళ్ళు తోడు పడుకున్నాడు. మా అన్న కంటే మేలు.

స్టీలు హుండీ నాగులమ్మకు. అందులో ఉప్పు పోసుకోవచ్చు. మూత గట్టిది, తేమ పట్టదు.

8. మా అన్న కొడుకు మునిశేఖర్‌కు, గేటుకు తగిలించిన బోర్డు. ఇక్కడ చేపలు ఎండబెట్టరాదు అన్న అక్షరాలు చక్కగా ఉన్నాయి, పెయింటరు మంచివాడు. చిత్తూరులో తన హాల్లో తగిలించుకోవచ్చు. ఆ ఇంట్లో చేపలు ఎవరూ ఎండబెట్టబోరు కనుక బోర్డు మాట నిజమవుతుంది. అతను పెట్టిన బోర్డుల్లో నిజం చెప్పేది అదొక్కటే అవుతుంది.

కోర్టుకు పోతే పోవచ్చు. ఈ వీలునామాను ఆ కోర్టులో గట్టిగా చదివించాలని స్టెల్లాకు చెబుతున్నాను, ముఖ్యంగా ఏడో నంబరు. దాన్ని వింటూ నిలబడగలిగితే దిబ్బ కోసం కొట్లాడవచ్చు. వాడు నిలబడగలడనే నా అనుమానం. సిగ్గు ఉన్నవాడు ముందే రాయిని ముట్టడు.

9. చివరగా, మిగిల్చమన్న పిడికెడు. నా బూడిదలో ఆ పిడికెడు నాగులమ్మ చేతికి ఇవ్వాలి. ఎప్పుడు, ఎలా అన్నది ఆమె ఇష్టం. మంత్రాలు అక్కర్లేదు, పూలు అక్కర్లేదు, ఫోటోలు తియ్యకూడదు. చేపలు ఆరబోసే వేళ, ఆ ఖాళీలో ఇసుక చేత్తో తోసి పెట్టి, మళ్ళీ ఇసుక కప్పితే చాలు. తర్వాత ఆమె తన వరస తాను పోసుకోవచ్చు.

నాకున్నదంతా పైన చెప్పినవాళ్ళకు రాసి ఇచ్చాను. దిబ్బలో ఆ చాపంత ఖాళీని మాత్రం ఎవరికీ రాయలేదు. మర్చిపోయి కాదు. అది నాకు కావాలి.

ఇది నేను మనసారా, చదివి, అర్థం చేసుకుని, నా చేతి రాతతో రాసుకున్నది.

లంగరుకుప్పం, 2025 మార్చి 12, బుధవారం.

(సంతకం) శకుంతలమ్మ, జయచంద్ర భార్య, జయంతి తల్లి

సాక్షులు:

1. ఎల్లప్ప, సరుగుడు తోట, లంగరుకుప్పం (చదివి వినిపించగా విని సంతకం చేసినాడు)

2. దయానంద్, చర్చి పక్క ఇల్లు, లంగరుకుప్పం